బాలుర వ్రాతలో సజీవపదము: ఒక ధర్మవిచారము

పావగడ తాలూకా పటమును చూచువారికి ఒక విచిత్రము తోచును. తుముకూరు జిల్లాకు చెందినదయ్యును ఆ తాలూకా అధికభాగము ఆంధ్రప్రదేశముచే చుట్టబడి, కర్ణాటకమునకు సన్నని మెడతో అతుకుకొనియున్నట్లు కన్పించును. అందలి అరసికెరె గ్రామము పేరు అచ్చపు కన్నడము. హాసన జిల్లాలోని రైలుకూడలి యగు అరసికెరె వేరు. ఇది మన అరసికెరె. అరసి యనగా రాణి. కెరె యనగా చెరువు. ఊరిపేరు కన్నడమైనను ఆ ప్రాంతపు ఇండ్లలో వినవచ్చు పలుకు విస్తారముగా తెలుగే. బాలుడు ఉదయమున తెలుగులో నిద్రలేచి, తెలుగులో అన్నము తిని, గడప దాటి, బడిలో కన్నడము వ్రాయును. సాయంకాలము మరల తెలుగులోనికి వచ్చును. మనలో అనేకులు ఈ గడపను దినమునకు రెండుమారులు దాటుచు పెరిగినవారమే.

ఇట్టి బాలుని వ్రాతను గూర్చి నేడు ఇంటింట ఒక ఫిర్యాదు వినబడుచున్నది. నాలుగవ తరగతి పిల్లవానిని ‘మా ఊరు’ అను విషయముపై పది వాక్యములు వ్రాయుమన్న, ‘మా ఊరు చాల మంచిది, మా ఊరు చాల అందమైనది, మా ఊరు నాకు చాల ఇష్టము’ అని వ్రాసి కలము క్రిందబెట్టును. అదే పిల్లవాడు వీధిలో స్నేహితునితో ఊరి సంగతులు చెప్పునప్పుడు వినుడు. ఎద్దు ఎట్లు బెదరినదియు, ఎవరి గోడ ఎట్లు కూలినదియు, కన్నులకు కట్టినట్లు చెప్పును. నోట నున్న జీవము కాగితముపైకి వచ్చుసరికి ఎందుకు ఆరిపోవుచున్నది? అతనికి మంచి మాటలను, జీవకళగల మాటలను, మనమెట్లు అందింపగలము?

ఇది బోధనాపద్ధతికి సంబంధించిన ప్రశ్న యని సాధారణముగా తలచుదురు. పదముల పట్టికలు ఇచ్చుట, పర్యాయపదములు వల్లె వేయించుట, ‘అందమైన’ అను చోట ‘రమణీయమైన’ అని దిద్దుట మున్నగు ఉపాయములు అందరికిని తెలిసినవే. కాని నా అనుభవము నాకు వేరొకటి నేర్పినది. ఇది మొట్టమొదట ధర్మమునకు సంబంధించిన ప్రశ్న. బాలునకు మాట నిచ్చునప్పుడు మనము అతనికి ఆభరణము నిచ్చుచున్నామా, కన్ను నిచ్చుచున్నామా? ఈ భేదమును గుర్తింపక నేను చేసిన తప్పిదమును ముందుగా చెప్పుకొనుట న్యాయము.

కొన్ని యేండ్ల క్రిందట మా బంధువుల బాలు డొకడు వేసవి సెలవులకు మా యింటికి వచ్చెను. వానికి తెలుగు అక్షరములు నేర్పి, చిన్న చిన్న వ్యాసములు వ్రాయించుచుంటిని. ఒకనాడు ‘ఆకాశము బాగుంది’ అని వ్రాసెను. నేను ఎర్రసిరాతో దానిని కొట్టివేసి, ‘నీలాకాశము నిర్మలముగా ప్రకాశించుచున్నది’ అని వ్రాసి చూపితిని. పిల్లవాడు మిక్కిలి సంతోషించెను. ఆ వాక్యము వానికి కంఠస్థమైనది. తరువాత వాడు ఏ వ్యాసము వ్రాసినను అందు నీలాకాశము నిర్మలముగా ప్రకాశించుచునే యుండెను. చివరకు ‘వానాకాలము’ అను వ్యాసములో గూడ నల్లమబ్బులకు ముందు వాక్యమున అదే నీలాకాశము ప్రత్యక్షమయ్యెను! ఇంటివారు నవ్విరి. నేనును నవ్వితిని గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ‘బాగుంది’ అను మాట బీదమాటయే కావచ్చును. కాని అది ఆ బాలుడు నిజముగా తల యెత్తి చూచి పలికిన మాట. నేను దానిని తీసివేసి, వాడు చూడని దానిని చూచినట్లు చెప్పు విద్యను నేర్పితిని. వాడు ఆనాటినుండి ఆకాశమును చూచుట మానెను. చూడవలసిన యవసరము వానికి లేకుండ చేసినవాడను నేనే.

సజీవపదమనగా అలంకృతపదము కాదని నేను ఇట్లు గ్రహించితిని. చూచిన దానికి సరిగా సరిపోవునదే సజీవపదము. ఈ విషయమున మన పెద్దలు మనకంటె ఎంతయో స్పష్టముగా ఆలోచించిరి. న్యాయశాస్త్రము శబ్దమును ప్రమాణములలో ఒకటిగా అంగీకరించినది. ఎవని శబ్దము ప్రమాణము? ఆప్తునిది. ఆప్తుడెవడు? వస్తువును స్వయముగా తెలిసికొని, తాను తెలిసికొన్నదానిని తెలిసికొన్నట్లే ఇతరులకు చెప్పగోరువాడు. న్యాయభాష్యకర్తయగు వాత్స్యాయనుడు ఇట్లు వివరించి, అంతటితో ఆగక, ఈ లక్షణము ఋషులకును, ఆర్యులకును, మ్లేచ్ఛులకును సమానమే యనెను. ఎంతటి విశాలహృదయము! ప్రామాణ్యము పుట్టుకనుబట్టి గాని, పాండిత్యమునుబట్టి గాని వచ్చునది కాదు. చూచుటనుబట్టియు, చూచినట్లు చెప్పవలెనను కోరికనుబట్టియు వచ్చునది. అట్లయినచో, తన ఇంటి మేకపిల్లను గూర్చి చెప్పు తొమ్మిదేండ్ల పిల్లయు ఆ విషయమున ఆప్తురాలే. ఆమె మాటను తీసివేసి మన మాటను పెట్టుట, ప్రత్యక్షసాక్షిని పంపివేసి, చూడనివానిచే సాక్ష్యము చెప్పించుట వంటిది.

అలంకారశాస్త్రమును ఆశ్రయించినను ఇదే తేలును. దండి తన కావ్యాదర్శమున అర్థాలంకారములను వరుసగా చెప్పుచు స్వభావోక్తిని మొదట నిలిపెను. ఉన్నదానిని ఉన్నట్లుగా, దాని జాతి గుణ క్రియలు కన్నులకు కట్టునట్లుగా చెప్పుట స్వభావోక్తి. తరువాతి కాలమున కుంతకుడు దీనితో అంగీకరింపలేదు. స్వభావమే వర్ణింపదగిన వస్తువు కదా, వస్తువే అలంకారమెట్లగునని అతని వాదము. ఆ వివాదమును పండితులకు విడుతము. ఇరువురిలో ఎవరిమాట నెగ్గినను మన బాలునకు లాభమే. అలంకారములలో మొదటిదైనను, అలంకారములన్నిటికి ఆధారమైనదైనను, స్వభావమును చూచుటయే తొలిమెట్టు. మనము పిల్లలకు తొలిమెట్టును దాటించి పైమెట్టున కూర్చుండబెట్ట యత్నించుచున్నాము.

ఈ సత్యపు మాటలు ఎక్కడ నున్నవి? నిఘంటువులలోకంటె ముందు ఇంటిలో నున్నవి. వాన నొక్కదానిని తీసికొనుడు. వానకు మొగము వాచిన సీమ మనది. కావుననే వానను గూర్చి ఇన్ని మాటలు దాచుకొన్నాము. తుంపర వేరు, చినుకు వేరు, జల్లు వేరు, జడి వేరు, ముసురు వేరు. వీనిలో ప్రతిదానికి తన క్రియ తనకు కలదు. చినుకు రాలును, జల్లు కొట్టును, ముసురు పట్టును. విత్తనము వేయుటకు తగినంతగా నేల తడిసినచో ‘పదను’ అయినదందుము. ఆ ఒక్కమాటలో రైతు ఆశయంతయు నిమిడియున్నది. వేరుశనగ పూచిన పిమ్మట ‘ఊడలు దిగినవి’ అందుము; పూవునుండి పుట్టిన ఊడ వంగి భూమిలోనికి చొచ్చి కాయ యగుటను ఇంతకంటె క్లుప్తముగా చెప్పుట ఎవరికి సాధ్యము? గొర్రు, గుంటక, కాడి, మేడి, కల్లము, తూర్పారబట్టుట మున్నగు పదములు మన తాతల నాలుకలపై నిత్యము ఆడినవి.

ఇట్టి పదములు పల్లెటూరి మాటలని చులకనగా చూడదగినవి కావని పండితులే నిరూపించిరి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటము కేవలము వ్యవసాయ పదములకే కేటాయింపబడినది. దాని సంపాదకులు భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు. 1971లో వెలువడిన రెండవ సంపుటము చేనేత పదములకు సంబంధించినది. రైతుల నోటను, నేతగాండ్ర నోటను విని సేకరించిన మాటలు అందు చేరినవి. పండితులు రైతు ముంగిట నిలిచి నేర్చుకొన్న మాటను రైతు మనుమడు బడిలో వ్రాయుటకు సిగ్గుపడుట ఎంతటి వైపరీత్యము!

ఈ మాటలకు నేడు మరియొక ప్రమాదము వచ్చినది. పావగడ తాలూకాలోనే తిరుమణి ప్రాంతమున రైతులనుండి కౌలుకు తీసికొనిన సుమారు 13,000 ఎకరముల భూమిపై సూర్యశక్తి విద్యుత్కేంద్రము వెలసినది. 2018లో ప్రారంభమై, 2019 చివరకు 2,050 మెగావాట్ల సామర్థ్యమును అందుకొన్నది. వానను నమ్ముకొని చెడిన రైతునకు ఏటేట కౌలు వచ్చుట మేలే. దానిని నిందించుట నా ఉద్దేశము కాదు. కాని పొలము అద్దపు పలకల క్రిందికి పోయినప్పుడు పొలముతోకూడ గొర్రును, గుంటకయు, పదనును పోవును. వస్తువు పోయిన పిమ్మట దాని పేరు ఒక తరము మాత్రమే బ్రతుకును. ఆ పలకలను గూర్చి వ్రాయుటకును నేటి బాలునకు సజీవమైన మాటలు కావలెను. సూర్యుడు వంగినప్పుడు అవి ఎట్లు మెరయునో, దూరమునుండి చూచిన చెరువునీరువలె ఎట్లు భ్రమింపజేయునో, చూచిన పిల్లవాడే చెప్పవలెను. పాతమాటలను దాచుటయు, కొత్తదానిని చూచుటయు ఒకే కన్ను చేయవలసిన పనులు.

ఇక ఆక్షేపణలను విచారింతము. ఇంటిమాటలు గ్రామ్యములు, వ్రాతకు తగవని మొదటి ఆక్షేపణ. ఈ వివాదము తెలుగువారికి కొత్త కాదు. 1906 ప్రాంతమున పాఠశాలల తనిఖీ అధికారియగు జె. ఎ. యేట్సు దొర, పిల్లలు మాటలాడు తెలుగునకును, పుస్తకములలో చదువు తెలుగునకును ఇంత దూరమేల యని ప్రశ్నించెను. ఆ ప్రశ్నను ప్రాణప్రశ్నగా స్వీకరించిన మహనీయులు గిడుగు వేంకట రామమూర్తిగారు. వ్యావహారికమునకై వారు చేసిన పోరాటమును లోకమెరుగును. వారి జన్మదినమగు ఆగస్టు 29ని తెలుగు భాషాదినముగా జరుపుకొనుచున్నాము. కాని పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి వారు సవరల భాషను నేర్చి, సవరబాలురకు వారి పలుకుబడిలోనే వాచకములు కూర్చి, చదువు చెప్పించిరను సంగతి అంతగా స్మరింపబడదు. తెలుగుబాలుని ఇంటిమాటకై వాదించినవారు, పొరుగున నున్న అల్పసంఖ్యాకుని ఇంటిమాటకును అదే గౌరవ మిచ్చిరి. అల్పసంఖ్యాకులుగా జీవించు మనకు ఇందులో గొప్ప పాఠము కలదు.

‘ఇంత చెప్పుచు తామీ వ్యాసమును గ్రంథభాషలో వ్రాయుచున్నారేల?’ అని చమత్కారులైన పాఠకులు అడుగవచ్చును. నన్ను పెంచిన పుస్తకముల భాష ఇది. నా చేతికి అలవడిన నడక ఇది. దీనిని నేను విడువలేను, విడువవలసిన పనియు లేదు. కాని నా నడకను తొమ్మిదేండ్ల పిల్లకు తగిలించుటకు నాకు అధికారము లేదు. గ్రంథభాషయు ఆమెకు ఒకనాడు అందవలెను. అది కూడ ఆమె ఆస్తియే. ముందు తన మాటను నమ్మిన పిల్ల తరువాత పెద్దల మాటను గౌరవముతో స్వీకరించును. తన మాటను రోసిన పిల్ల పెద్దల మాటను భయముతో మాత్రమే మోయును.

రెండవ ఆక్షేపణ మన పరిస్థితికి సంబంధించినది. బడిలో వ్రాయవలసినది కన్నడమైనప్పుడు ఇంటి తెలుగుమాటలు పిల్లవాని కన్నడమును చెరుపవా యని తల్లిదండ్రుల సందేహము. ఈ భయమునకు ఆధారము కన్పింపదు. ఇరువదవ శతాబ్దపు కన్నడ సాహిత్యమున మహాకవియగు ద. రా. బేంద్రే గారి మాతృభాష మరాఠీ. కథాబ్రహ్మయగు మాస్తి వేంకటేశ అయ్యంగార్ గారి మాతృభాష తమిళము. ఇరువురును జ్ఞానపీఠ పురస్కృతులే. ఇంటిలో వేరొక భాష పలికినంతమాత్రమున వారి కన్నడము పలుచబడలేదు. ఒక భాషలో నిశితముగా చూడ నేర్చిన కన్ను రెండవ భాషలో గుడ్డిది కాదు.

అంతేకాదు, ఈ రెండును అక్కచెల్లెండ్ర భాషలు. పిల్లలకు వీని చుట్టరికమును చూపినచో ఎంతో ముచ్చటపడుదురు. అరసికెరెలోని కెరెనే చూడుడు. మన ‘చెరువు’ దాని తోబుట్టువు. కన్నడమున కకారము నిలిచినచోట తెలుగున చకారము వచ్చినది. వారి కివి మన చెవి. వారి కెడు మన చెడు. వారి కిరు మన చిరు. అట్లే పాత కన్నడమున నుండిన పకారము నేటి కన్నడమున హకారమైనది; మనయందు పకారము నిలిచినది. హాలు పాలు, హులి పులి, హావు పాము, హళ్లి పల్లె, హొల పొలము. ఈ జంటలను పిల్లలచేతనే వెదకింపవలెను. అప్పుడు గడప ఇరువైపుల నున్నవి శత్రుభాషలు కావనియు, ఒక చెరువునకు రెండు రేవులనియు వారికే తోచును. మన రాజ్యాంగమున 1956లో చేర్చబడిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాక బాలురకు ప్రాథమికదశలో మాతృభాషయందు బోధించు సౌకర్యములు కల్పింపవలెనని రాష్ట్రములకు నిర్దేశించుచున్నది. ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వమును అడుగవలసినదే. కాని ఇంటిలో మనము చేయవలసినదానికి ఏ అధికరణమును అక్కరలేదు.

ఏమి చేయవలెను? మొదటిది, మాటకు ముందు చూపు. పావ్లిష్ అను ఉక్రెయిన్ గ్రామమున 1948 నుండి 1970లో మరణించువరకు ప్రధానోపాధ్యాయుడుగా నుండిన వాసిలి సుహోమ్లిన్‌స్కీ చిన్నపిల్లలను గదిలో కూర్చుండబెట్టుటకు ముందు తోటలకును, చెరువుగట్లకును కొనిపోయెడివాడు. మంచుబిందువును, వేకువను చూపి, చూచినదానికి తగిన మాటను వారినే వెదుకుకొననిచ్చి, దానితో చిన్న రచనలు చేయించెడివాడు. మాటకు మూలము వస్తువుతోడి సమాగమమని ఆతని నమ్మకము. మనకును గట్లు లేకపోలేదు, వేకువలు లేకపోలేదు.

రెండవది, విశేషణమునకు ముందు క్రియ. ‘అందమైన పిల్లి’ అను దానికంటె ‘పిల్లి గోడవెంబడి ఒదిగి ఒదిగి పోయినది’ అనుట మేలు. ‘నడచెను’ అను చోట తూలెనా, కుంటెనా, తడబడెనా, దేకెనా యని అడిగినచో పిల్ల మరల మనస్సులో ఆ దృశ్యమును చూచును. ఇక గలగల, జలజల, చిటపట, బొటబొట వంటి ధ్వన్యనుకరణములు తెలుగునకు సహజసంపద. వానికి అర్థము చెప్పనక్కరలేదు. చెవి యున్న చాలును.

మూడవది, బాలుని స్వంతపదమును గౌరవించుట. న్యూజీలాండున మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్ వార్నర్ అను ఉపాధ్యాయిని తన అనుభవములను 1963లో ‘టీచర్’ అను గ్రంథముగా ప్రకటించెను. ఆమె ప్రతి పిల్లను ‘నీకు ఏ మాట కావలెను?’ అని అడిగి, ఆ మాటను అట్టముక్కపై వ్రాసి యిచ్చెడిది. మరునాడు పిల్లకు ఆ మాట గుర్తులేనిచో అది ఆ పిల్ల ప్రాణపదము కాదని అట్టముక్కను పారవైచెడిది. పిల్లలు కోరిన మాటలలో ప్రేమకును, భయమునకును సంబంధించినవే బలముగా నిలిచెనని ఆమె గమనించెను.

ఇక్కడనే నాకు అన్నిటికంటె గడ్డు ప్రశ్న ఎదురగుచున్నది. సత్యమైన మాటను వ్రాయుమని పిల్లను ప్రోత్సహించునప్పుడు, ఏ సత్యమును వ్రాయుమను హక్కు మనకున్నది? పిల్ల ఇంటిలో ఆకలి యుండవచ్చును, తగవు లుండవచ్చును. కన్నులకు కట్టునట్లు వ్రాయుమని ఒత్తిడి చేసి, ఆమె దాచుకొన్నదానిని తరగతియంతటికి చదివి వినిపించుట విద్య కాదు, హింస. నేను కొంత ఆలస్యముగా ఈ విషయమును గ్రహించితిని; నాకు దీనిని నేర్పినది నా మనుమరాలు.

అది నాలుగవ తరగతి చదువుచున్నది. సెలవులలో ‘మా అవ్వ’ అని వ్యాసము వ్రాసి తెచ్చినది. ‘మా అవ్వ చాలా మంచిది. మా అవ్వ చాలా అందమైనది. నన్ను చాలా ప్రేమిస్తుంది.’ నీలాకాశపు కథ జ్ఞప్తికి వచ్చి ఎర్రసిరాను ముట్టలేదు. ‘అవ్వ నీ తల నిమిరితే ఎట్లా ఉంటుందమ్మా?’ అని మాత్రము అడిగితిని.

పిల్ల ఒక్క క్షణమైనను ఆలోచింపలేదు. ‘గరుగ్గా ఉంటుంది తాతా. వెంట్రుకలు చేతికి పట్టుకుంటాయి.’

‘ఎందుకట్లా?’

‘శెనక్కాయలు ఒలిచి ఒలిచి. వేళ్లు పగిలుంటాయి కదా.’

‘మరి అది రాయరాదా?’

పిల్ల తల అడ్డముగా ఊపినది. ‘వద్దు తాతా. అవ్వను తక్కువ చేసినట్టవుతుంది.’

నేను మాట లేక కూర్చుంటిని. ‘అందమైనది’ అను అబద్ధమును ఆ పిల్ల సోమరితనముచేత వ్రాయలేదు; మర్యాదచేత వ్రాసినది. సత్యమునకును మర్యాదకును నడుమ తొమ్మిదేండ్ల పిల్ల తీర్పు చెప్పుకొన్నది. పిల్లల చప్పని మాటల వెనుక మాటల కరవే యున్నదని మన మనుకొందుము. ఒక్కొక్కచో అక్కడ ప్రేమ కాపున్నది. ఆ ప్రేమను త్రోసివేసి గరుకుమాటను వ్రాయించియున్నచో, నీలాకాశపు తప్పునే వేరొక విధమున చేసియుందును.

పిల్లయే దారి కనుగొన్నది. కాగితమును తీసికొని వంటయింటిలోనికి పోయి అడిగినది. ఆమె చేతులను చీరచెంగున తుడుచుకొని, ఒకమారు త్రిప్పి చూచుకొని, ‘రాసుకోమ్మా, ఉన్నదే కదా. ఈ చేతులే కదా మీ నాయనను చదివించినవి’ అనినది. పిల్ల ఆ రెండవ వాక్యమును గూడ వ్రాసికొన్నది. నలుబదియేండ్లుగా ఆ చేతి అన్నము తినుచున్న నాకు ఆ గరుకు కనబడలేదు. వ్యాసము నాకు చదివి వినిపించునప్పుడు పిల్ల కంఠమున ఏ అలంకారమును లేదు. నేను మాత్రము కంటికి కండువా నద్దుకొంటిని.

కావున నా సిద్ధాంత మింతే. బాలునకు సజీవపదమును అందించుట యనగా అతనిని సత్యమునకు సాక్షిగా నిలుపుట. సాక్షికి రెండు హక్కు లున్నవి: చూచినదానిని తన మాటలలో చెప్పుట ఒకటి, చెప్పదలపనిదానిని చెప్పకుండుట రెండవది. మొదటి హక్కును ఎర్రసిరా హరించును. రెండవ హక్కును మన మెప్పుకోలు హరించును. ఉపాధ్యాయుడును, తాతయు, తల్లియు ఈ రెంటిని కాపాడవలసినవారు. వర్ణక్రమమును, వ్యాకరణమును దిద్దవలసినదే, కాని చివర దిద్దవలెను. అదియును పిల్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొని దిద్దవలెను.

మన సంఘములు ఉగాదికి పద్యములు చదివించుచున్నవి, పోటీలు పెట్టి బహుమతు లిచ్చుచున్నవి. అవన్నియు మంచివే. వానితోపాటు ప్రతి కుటుంబమును ఒక చిన్న పుస్తకము కుట్టించి, ఇంటిలోని పెద్దల నోట విన్న మాటలను, వానిని పలికిన సందర్భముతోకూడ, పిల్లలచేత వ్రాయించినచో ఎంత బాగుండును! పదను, ముసురు, కల్లము, ఊడ—ఏదైన సరే, వారమున కొక్క మాట. దాని ప్రక్కనే కన్నడపు తోబుట్టువు దొరికిన దానిని గూడ వ్రాయింతము. పదేండ్లు గడచుసరికి ఆ పుస్తకము ఆ కుటుంబపు చరిత్ర యగును.

అరసికెరె అను పేరును వినినప్పుడెల్ల నాకొక భావము కలుగును. చెరువు ఎవరు త్రవ్వించినను, దాని పేరు ఏ భాషలో నున్నను, దప్పిగొన్నవాడు తన దోసిలితోనే త్రాగవలెను. పిల్లల దోసిళ్లు చిన్నవి. వానిని పెద్దవి చేయుటకు తొందరపడి బంగారుగిన్నె చేత బెట్టనక్కరలేదు. ముందు నీటివరకు చేయిపట్టి నడపింతము. వంగి త్రాగుట వారికి తెలియును.